గ్రౌండ్ స్టాఫ్ కొలువుకి డబ్బు కట్టొద్దని మా ఊరి గోడ మీద రాయించండి

గౌరవనీయులు, కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారమండి. నేను మీ నియోజకవర్గం వాణ్ణే. పలాస దగ్గర ఉద్దానంలో మా ఊరు. 2016 నుంచి శంషాబాద్ విమానాశ్రయంలో ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగే చోట పనిచేస్తున్నాను. సామాను ఎక్కించి దించే లోడర్‌గా చేరాను. ఇప్పుడు ఎక్విప్‌మెంట్ ఆపరేటర్‌ని. బ్యాగేజీ ట్రాక్టరు, బెల్ట్ లోడరు, విమానానికి ఆనించే మెట్ల బండి నడుపుతాను. నా ఉద్యోగం గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ ఉద్యోగం దాకా రావడానికి మా ఊరి పిల్లలు పడుతున్న పాట్లు చూడలేక ఈ లేఖ రాస్తున్నాను.

మొన్నటి సంక్రాంతికి ఇంటికి వెళ్లలేకపోయాను. పండగ రోజుల్లో మాకు సెలవులు దొరకవు. భోగి నాటి రాత్రి డ్యూటీ దిగి బస్సులో కూర్చున్నానో లేదో, మా అక్క కొడుకు ఫోన్ చేశాడు.

"మావయ్యా, సెలెక్ట్ అయిపోనాను. ఎయిర్‌పోర్ట్ గ్రౌండ్ స్టాఫ్. లెటర్ కూడా వచ్చీసింది."

"ఎవరిచ్చారు లెటరు? ఇంటర్వ్యూ ఎక్కడ జరిగింది?"

"ఫోన్‌లోనే చేసారు. యూనిఫారానికి, గేట్ పాసుకి కలిపి ఆరు వేల ఐదొందలు పంపమన్నారు. రేపు సాయంత్రం లోపల పంపకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారట."

ఆ లెటర్ నాకు వాట్సాప్‌లో పంపాడు. పైన ఒక విమానసంస్థ గుర్తు, కింద స్టాంపు, సంతకం, చేరాల్సిన తేదీ అన్నీ ఉన్నాయి. జీతం నెలకు 38,000 అని ఉంది. పది పాసైన కుర్రాడికి మొదటి నెలే అంత జీతం ర్యాంప్ మీద ఎవరూ ఇవ్వరు. డబ్బు పంపాల్సిన ఖాతా ఏ కంపెనీదీ కాదు, ఎవరో ఒక మనిషిది. "పంపకురా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. అంతకు ముందే విశాఖపట్నంలో ఒక శిక్షణ సంస్థలో ఆరు నెలల ఏవియేషన్ డిప్లొమాకి 85,000 కట్టాడట. నాకు తెలిస్తే వద్దంటానని చెప్పలేదట. డబ్బెక్కడిదంటే మా అక్క పుస్తెలతాడు కుదువ పెట్టింది.

నేను అక్కని ఏమీ అనలేకపోయాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు వాళ్ల జీడితోట, కొబ్బరిచెట్లు నేలకూలాయి. ఆ రోజుల్లో మీరు మా ఊళ్లన్నీ తిరిగారు కాబట్టి ఉద్దానంలో ఒక జీడిచెట్టు పోతే ఏం పోయినట్టో మీకు నేను చెప్పక్కర్లేదు. మళ్లీ నాటిన మొక్క కాపుకి వచ్చేలోగా ఇంట్లో ఒకరికైనా నెలజీతం ఉండాలని ఆ తల్లి ఆశపడింది. ఆశ పడడం తప్పు కాదు కదండీ.

మా వాడు ఆ ఆరు నెలల్లో ఏం నేర్చుకున్నాడో అడిగాను. టై కట్టుకోవడం, నవ్వుతూ మాట్లాడడం, విమానాశ్రయాలకు ఉండే మూడక్షరాల కోడ్‌లు, ఇంగ్లిష్‌లో తనని తాను పరిచయం చేసుకోవడం. నేర్చుకోవడం ఎప్పుడూ మంచిదే. కానీ వాడు అడుగుతున్నది లోడర్ ఉద్యోగం. లోడర్ ఉద్యోగానికి ఆ డిప్లొమా ఎవరూ అడగరు. పది పాసైన సర్టిఫికెట్ అడుగుతారు. ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోగలగాలి. హిందీ, స్థానిక భాష మాట్లాడగలిగితే మంచిది. ఆ తర్వాత ఒళ్లు చూస్తారు. బరువు ఎత్తిస్తారు, పరిగెత్తిస్తారు. ఈ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. 85,000 తీసుకున్నవాళ్లు కూడా చెప్పలేదు.

నా సంగతి చెబుతాను. నేను వాక్-ఇన్ ఇంటర్వ్యూకి వెళ్లిన రోజు తెల్లవారుజామున నాలుగింటికే గేటు ముందు నిలబడ్డాను. నా ముందు అప్పటికే రెండు వందల మంది ఉండి ఉంటారు. చేతిలో పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, 500 రూపాయల డీడీ. మధ్యాహ్నం రెండింటికి నా వంతు వచ్చింది. ఇసక నింపిన సంచి భుజానికెత్తి నడిపించారు. "రాత్రిపూట పని చేయగలవా, వానలో చేయగలవా" అని అడిగారు. తోటలో జీడిపిక్కల బస్తాలు మోసినవాణ్ణి, ఆ సంచి నాకు బరువనిపించలేదు. ఆ రోజు నాకైన ఖర్చు రైలు టికెట్టు, డీడీ, రెండు పూటల భోజనం. అంతే. ఆ తర్వాత ఉద్యోగంలో చేరేదాకా కంపెనీకి గానీ, మధ్యలో ఏ మనిషికి గానీ ఒక్క రూపాయి ఇవ్వలేదు.

ఈ డీడీ దగ్గరే మోసగాళ్లు పిల్లల్ని పట్టుకుంటున్నారండీ. కొన్ని నోటిఫికేషన్లలో దరఖాస్తు రుసుము నిజంగానే ఉంటుంది. విమానాశ్రయాల్లో మాలాంటి పనులు చూసే ప్రభుత్వ సంస్థ ఏఐ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్ వాక్-ఇన్‌లకి 500 రూపాయల డీడీ అడగడం మామూలే. ఎస్సీ, ఎస్టీ, మాజీ సైనికులకు అది కూడా ఉండదు. ఆ రుసుము నోటిఫికేషన్‌లో అచ్చయి ఉంటుంది, డీడీ కంపెనీ పేరు మీదే తీయాలి. మోసం చేసేవాడు ఈ నిజాన్నే అడ్డం పెట్టుకుంటాడు. "రుసుము అందరూ కడతారు, నువ్వూ కట్టు" అంటాడు. ప్రైవేటు విమానసంస్థలు ఉద్యోగానికి డబ్బు తీసుకోమని తమ వెబ్‌సైట్లలో హెచ్చరికలు పెడుతూనే ఉన్నాయి. ఆ హెచ్చరిక ఇంగ్లిష్‌లో ఉంటుంది. మోసగాడు మాత్రం మా వాడితో తెలుగులో మాట్లాడతాడు, "తమ్ముడూ" అని పిలుస్తాడు.

గేట్ పాసు సంగతి కూడా అంతే. విమానాశ్రయంలోకి వెళ్లడానికి ఇచ్చే ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పాస్ మీ శాఖ కింద ఉన్న బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ ఇస్తుంది. దానికి దరఖాస్తు చేసేది కంపెనీ. పోలీస్ వెరిఫికేషన్ జరుగుతుంది, భద్రత మీద తరగతి ఉంటుంది, ఆ తర్వాతే పాస్ చేతికొస్తుంది. ఉద్యోగంలో చేరని కుర్రాడికి ఆ పాస్ ఎవడూ అమ్మలేడు. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే చాలు, మా వాడికి ఆ ఫోన్ వచ్చిన మొదటి నిమిషంలోనే మోసం అర్థమై ఉండేది.

ఇంకో గందరగోళం ఉంది. విమానం తోక మీద ఏ పేరుందో, కింద సామాను ఎత్తేవాళ్లందరూ ఆ సంస్థ వాళ్లే అనుకుంటారు మా పిల్లలు. చాలామంది కారు. గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీలు వేరే ఉంటాయి. ఇండిగో పనులకి ఎజైల్ అనే అనుబంధ సంస్థ ఉంది. ఎయిర్ ఇండియా, సింగపూర్ శాట్స్ కలిసి పెట్టిన కంపెనీ ఇంకొకటి. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్లినప్పుడు, ఇందాక చెప్పిన ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్ మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. వీటి పేర్లు కూడా మా వాడికి తెలియవు. తెలియకపోతే ఏ వెబ్‌సైట్‌లో వెతుకుతాడు? "ఎయిర్‌లైన్స్ జాబ్స్" అని ఫోన్‌లో కొడతాడు. మొదట ఎదురయ్యేది మోసగాడి నంబరే.

ఎందుకింత మంది ఎగబడుతున్నారో మీకు తెలుసు. 2024 జులైలో ముంబై కలీనాలో లోడర్ల వాక్-ఇన్ జరిగినప్పుడు వేలమంది వచ్చి పడ్డారు, తోపులాట జరిగింది. ఆ వీడియోలు దేశమంతా చూసింది. మేం మా విశ్రాంతి గదిలో కూర్చుని చూశాం. మాలో ఎవరికీ మాట రాలేదు. ఆ గుంపులో మమ్మల్ని మేమే చూసుకున్నట్టుంది. జీతం 20,000 అటూ ఇటూ ఉండే పనికి డిగ్రీలు చదివినవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. అంతమందిని ఒకే రోజు ఒకే గేటు ముందుకి రమ్మనడం ఏ పద్ధతో నాకు అర్థం కాదు. ఉద్దానం కుర్రాడు హైదరాబాద్ వాక్-ఇన్‌కి రావాలంటే ఒక రాత్రి రైలు, ఒక పగలు నిలబాటు, మళ్లీ ఒక రాత్రి రైలు. ఎంతమంది వచ్చారో గేటు దగ్గర నిలబడేదాకా తెలియదు.

పని ఎలా ఉంటుందో కూడా కాస్త చెప్పనివ్వండి. పిల్లలకి దీన్ని టై కట్టుకున్న ఫొటోలో చూపిస్తున్నారు. విమానం వచ్చి ఆగగానే ఎవరూ దాని దగ్గరికి పరిగెత్తకూడదు. చక్రాలు కదలకుండా అడ్డు దిమ్మలు (చోకులు) పెట్టేవాడు కూడా సిగ్నల్ కోసం చూడాలి. ఇంజన్లు ఆగి, పైన తిరిగే ఎర్ర లైటు ఆరిన తర్వాతే మిగతావాళ్లం కదులుతాం. 2015 డిసెంబరులో ముంబైలో ఒక టెక్నీషియన్‌ని తిరుగుతున్న ఇంజను లోపలికి లాగేసింది. చేరిన కొత్తలో మా సూపర్‌వైజర్ ఆ సంఘటన చెప్పి, "లైటు ఆరిందా అని నీ కళ్లతో నువ్వు చూడు, పక్కవాడు కదిలాడని కదలకు" అన్నాడు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి నేనూ అదే మాట చెబుతున్నాను.

మామూలుగా దేశంలో తిరిగే ఎయిర్‌బస్ విమానం కడుపులో నిటారుగా నిలబడలేం. మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో బ్యాగూ చేత్తో అందుకుని పేర్చాలి. బ్యాగు 32 కిలోల దాకా ఉండొచ్చు. 180 మంది సామాను దించి, మళ్లీ 180 మందిది ఎక్కించడానికి అరగంటా ముప్పావుగంటా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం విమానాలు ఆగే ఏప్రన్ కాంక్రీటు మీద బూటు అడుగు వేడెక్కిపోతుంది. ఇవన్నీ చెప్పి భయపెట్టాలని కాదు. మోకాళ్లు నొప్పి పెట్టినా, నేను పేర్చిన విమానం సమయానికి వెనక్కి నెట్టుకుని రన్‌వే మీదికి వెళ్తుంటే ఇప్పటికీ ఒక నిమిషం నిలబడి చూస్తాను. ఇది మంచి పని. దీని సంగతి ఉన్నదున్నట్టు చెబితే మా ఊరి పిల్లలు చేయగలరు. పొలంలో, తోటలో, వలల దగ్గర ఒళ్లు వంచినవాళ్లే కదా.

ఇక నాకు బాగా తెలిసిన విషయం ఒకటి ఉంది. నోటిఫికేషన్లలో "యుటిలిటీ ఏజెంట్ కమ్ ర్యాంప్ డ్రైవర్" అని ఒక పోస్టు ఉంటుంది. పది పాసై, హెవీ లైసెన్సు, అంటే లారీ, బస్సు లాంటి పెద్ద బండ్లు నడిపే లైసెన్సు ఉంటే చాలు. ట్రేడ్ టెస్ట్ పెట్టి బండి నడిపిస్తారు. లోడర్ కంటే జీతం ఎక్కువ, నడుముకి శ్రమ తక్కువ, ముందుకి వెళ్లే దారీ ఉంది. ఐటీఐ గానీ డిప్లొమా గానీ ఉండి, దానికి హెవీ లైసెన్సు కూడా తోడైతే ర్యాంప్ సర్వీస్ ఎగ్జిక్యూటివ్‌కి పోటీ పడొచ్చు. నేను లోడర్ నుంచి ఆపరేటర్ అయ్యింది కూడా హెవీ లైసెన్సుతోనే. చేరిన మూడో ఏట తీసుకున్నాను. ముందే ఉండుంటే ఆ మూడేళ్లూ కలిసొచ్చేవి.

కానీ హెవీ లైసెన్సు ఒక్క రోజులో రాదు. పద్దెనిమిది నిండాక కారు లైసెన్సు తీయాలి. అది చేతికొచ్చి ఏడాది గడిస్తే గానీ రవాణా బండి లైసెన్సుకి లెర్నర్ కూడా ఇవ్వరు. వయసు ఇరవై నిండాలి. అంటే ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్న పిల్లాడికి ఈ సంగతి చెబితే, ఇరవై ఒకటికల్లా వాడి చేతిలో లైసెన్సు ఉంటుంది. ఇరవై నాలుగులో నోటిఫికేషన్ చూసి తెలుసుకుంటే అప్పుడు మొదలుపెట్టాలి. జనరల్ అభ్యర్థికి వయోపరిమితి 28 దగ్గర ఆగిపోతుంది. బీసీలకి మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకి ఐదేళ్లు సడలింపు ఉన్నా, తెలియక పోగొట్టుకున్న ఏళ్లు పోయినట్టే. మా అక్క కట్టిన 85,000లో కొంత పెట్టి మంచి డ్రైవింగ్ స్కూల్లో చేరి ఉంటే మా వాడు ఈపాటికి ట్రేడ్ టెస్ట్‌కి సిద్ధంగా ఉండేవాడు. పుస్తెలతాడు మా అక్క మెడలోనే ఉండేది.

ఆడపిల్లల గురించి కూడా. మా పక్క వీధి అమ్మాయి డిగ్రీ చదివి చెక్-ఇన్ కౌంటర్‌లో పని కావాలనుకుంది. "గ్రూమింగ్ ఫీజు" అని ఎవరో 15,000 అడిగారు. వాళ్ల నాన్న నన్ను అడిగాడు కాబట్టి ఆగింది. డిగ్రీతో కస్టమర్ సర్వీస్ పోస్టులకి నేరుగా వెళ్లొచ్చని, ఇంటర్‌తో జూనియర్ పోస్టులుంటాయని వాళ్లకి తెలియదు. నన్ను అడగని ఇళ్లు ఎన్నో.

మంత్రిగారూ, ఇప్పుడు భోగాపురం సంగతి. మనకి అతి దగ్గరగా, అల్లూరి సీతారామరాజు పేరుతో విమానాశ్రయం వచ్చింది. 3.8 కిలోమీటర్ల రన్‌వే, మొదటి దశలోనే ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులకు సరిపోయే టెర్మినల్. అంత పెద్ద విమానాశ్రయానికి లోడర్లు కావాలి, ర్యాంప్ డ్రైవర్లు కావాలి, చెక్-ఇన్‌లో కూర్చునేవాళ్లు, వీల్‌చైర్ తోసేవాళ్లు, క్లీనింగ్ చేసేవాళ్లు కావాలి. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట వాళ్లు ఆ నేల ఖాళీ చేసి వెళ్లారు. ఆ ఇళ్ల పిల్లలు ఆ ఏప్రన్ మీద పనిచేయాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. వాళ్ల ముందు వరసలో మోసగాళ్లు నిలబడతారేమోనని భయంగా ఉంది. "భోగాపురంలో ఉద్యోగాలు, ఫోన్ చేయండి" అన్న వాట్సాప్ మెసేజ్‌లు నాకు ఇప్పటికే మూడు వచ్చాయి. ఒకదాంట్లో మీ ఫొటో కూడా పెట్టారు.

అందుకే అడుగుతున్నాను. గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఉద్యోగాల మీద ఒక్క పేజీ తెలుగులో అచ్చు వేయించండి. ఏ కంపెనీలు భోగాపురంలో పనిచేస్తాయో వాటి పేర్లు, ఏ పోస్టుకి ఏ చదువు కావాలో, హెవీ లైసెన్సు ఎప్పుడు మొదలుపెట్టాలో, డీడీ తప్ప ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదని, గేట్ పాస్ కంపెనీయే తెస్తుందని, ఎవరైనా డబ్బు అడిగితే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయమని. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లోని ప్రతి జూనియర్ కాలేజీలో, ఐటీఐలో, సచివాలయంలో, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఆ కాగితం ఉండాలి. అంకెలు పెద్దగా, అక్షరాలు పెద్దగా. మా అక్క కూడా చదవగలిగేలా.

వాక్-ఇన్‌లు ఒకే ఊళ్లో ఒకే రోజు పెట్టొద్దని కంపెనీలకి చెప్పండి. పోలీసు, ఆర్మీ ర్యాలీలు జిల్లా స్టేడియంలో జరుగుతున్నాయి కదా. శ్రీకాకుళంలో ఒక రోజు, విజయనగరంలో ఒక రోజు, పాడేరులో ఒక రోజు పెడితే మన్యం పిల్లలు కూడా వస్తారు. ముందుగా పేర్లు నమోదు చేసుకుని టోకెన్ ఇస్తే ఎవరూ తెల్లవారుజామున నాలుగింటికి నిలబడక్కర్లేదు. ఎంపిక కానివాళ్లకి ఎందులో తగ్గారో ఒక ముక్క చెప్పి పంపితే ఇంకా మంచిది. నాతోపాటు వచ్చి వెనక్కెళ్లిన నా స్నేహితుడికి ఏం తక్కువైందో ఈ రోజుకీ తెలియదు. వాడు చెన్నైలో సెంట్రింగ్ పని చేస్తున్నాడు.

హెవీ లైసెన్సు శిక్షణ కూడా ఉద్దానంలో, భోగాపురం చుట్టుపక్కల ప్రభుత్వ ఖర్చుతో పెట్టించండి. ర్యాంప్ మీద బండి నడపడం రోడ్డు మీద నడపడం లాంటిది కాదు. విమానం రెక్క కింద అంగుళాల్లో ఆపాలి. నేర్పడానికి నాలాంటి వాళ్లం ఉన్నాం, సెలవు రోజుల్లో వచ్చి నేర్పుతాం.

చేరిన తర్వాత పాస్ చేతికొచ్చేదాకా పిల్లలు ఎదురుచూసే రోజుల గురించి కూడా ఒక మాట. అద్దె గదిలో ఉండి, జీతం మొదలుకాక, ఊరి నుంచి డబ్బు తెప్పించుకుని తిన్నవాళ్లు నాకు తెలుసు. వెరిఫికేషన్‌కి ఊళ్లో కానిస్టేబుల్ వెళ్తే కుర్రాడు హైదరాబాద్‌లో ఉంటాడు, హైదరాబాద్ గదికి వెళ్తే ఇల్లు మారి ఉంటాడు. ఆ రోజులకి కనీసం భోజనం, వసతి కంపెనీ చూసుకోవాలని ఒక నియమం ఉంటే బాగుంటుంది.

మా మేనల్లుడు ఇప్పుడు పలాసలో డ్రైవింగ్ నేర్చుకుంటున్నాడు. కారు లైసెన్సు వచ్చింది. హెవీ లెర్నర్‌కి ఇంకా ఏడు నెలలు ఆగాలి. పొద్దున్నే లేచి ఊరి చెరువు గట్టు మీద పరిగెత్తుతున్నాడని అక్క చెప్పింది. ఆ 6,500 పంపలేదు. 85,000 మాత్రం తిరిగి రాలేదు, అడిగితే "శిక్షణ పూర్తయింది కదా" అన్నారట. తాడు విడిపించడానికి నేను నెలనెలా కొంత పంపుతున్నాను.

మీరు ఆ తెలుగు కాగితం అచ్చు వేయించిన రోజు నాకు కబురు చేయించండి. రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి పలాస కాంప్లెక్స్‌లో, కాశీబుగ్గ కాలేజీ గోడల మీద నేనే అతికిస్తాను.

ఇట్లు,
ఉద్దానం నుంచి వచ్చిన ఒక ర్యాంప్ ఆపరేటర్,
శంషాబాద్ విమానాశ్రయం